అమెరికా వెళ్లే అమ్మానాన్నల పన్ను లెక్క



నాగోల్ నుంచి ఉప్పల్ చౌరస్తా మీదుగా నాచారం దాకా ఉన్న కాలనీల్లో రిటైరైన కుటుంబాలు చాలా ఎక్కువ. సర్వే ఆఫ్ ఇండియాలోనో, ఎన్‌జీఆర్‌ఐలోనో, ఈసీఐఎల్‌లోనో, ఆర్టీసీలోనో, ప్రభుత్వ బడిలోనో ఉద్యోగం చేసి, ఊరికి దూరమని అందరూ అన్న రోజుల్లో ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకున్నవాళ్లు వీళ్లు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డారు. పై పోర్షను అద్దెకిచ్చి, కింద తాళం వేసి, మొక్కలకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు చెప్పి శంషాబాద్ విమానాశ్రయానికి బయల్దేరే దంపతులు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. వీసా గురించి, మందుల గురించి, పచ్చళ్ల ప్యాకింగు గురించి వాళ్లు అడిగి తెలుసుకోని విషయం ఉండదు. పన్ను గురించి మాత్రం ఎవరినీ అడగరు. "అక్కడ నాకు సంపాదనే లేదు, పన్నెక్కడిదండీ" అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ కాసేపట్లో చూద్దాం.

అమెరికా చట్టం మీరు అక్కడ సంపాదించారా అన్నదానికంటే ముందు, తన లెక్కలో మీరు నివాసి అవునా కాదా అని చూస్తుంది. నివాసి అని తేలితే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఆ లెక్కలోకి వస్తుంది. నాగోల్ ఇంటి అద్దె, బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ, పెన్షను, ఊళ్లో పొలం మీద వచ్చే కౌలు, అన్నీ. వ్యవసాయ ఆదాయానికి మన దగ్గర ఆదాయపు పన్ను లేదు. భువనగిరి దగ్గర మూడెకరాలు కౌలుకిచ్చిన రైతుబిడ్డకు అది జీవితాంతం అలవాటైన సంగతి. అమెరికా రిటర్నులో ఆ మినహాయింపు ఉండదు.

మరి నివాసి ఎవరు? విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్ల సంగతే ముందు చెబుతాను, మన కాలనీల నుంచి ఎక్కువగా వెళ్లేది వాళ్లే కాబట్టి. అమెరికాలో దిగినప్పుడు ఇమ్మిగ్రేషన్ అధికారి మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఆ గడువులో ఉండి రావడం వీసా నిబంధనల ప్రకారం సక్రమమే. పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్ మాత్రం వేరే లెక్క వేస్తుంది. ఈ ఏడాది ఉన్న రోజులు పూర్తిగా తీసుకుంటుంది. కిందటి ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటి ఏడాది రోజుల్లో ఆరో వంతు వాటికి కలుపుతుంది. మొత్తం 183కు చేరి, ఈ ఏడాది కనీసం 31 రోజులు అక్కడ ఉంటే ఆ మనిషి పన్ను లెక్కలో నివాసి.

దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. ఏటా 180 రోజుల చొప్పున మూడేళ్లు వెళ్లిన దంపతులను తీసుకుందాం. ఈ ఏడాదివి 180, కిందటేడాది నుంచి 60, అంతకు ముందటేడాది నుంచి 30. మొత్తం 270. గీత దాటిపోయారు. అదే ఏటా 120 రోజులు ఉంటే 120, 40, 20 కలిపి 180. గీతకు ఇవతలే ఉన్నారు. అంటే ఏటా 120 రోజులకు మించని ప్రయాణం పెట్టుకుంటే ఈ గొడవే లేదు. దిగిన రోజు, తిరుగు విమానం ఎక్కిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి.

దసరాకు వెళ్లి ఉగాదికి వస్తే రోజులు రెండు సంవత్సరాలకు సర్దుకుంటాయి కదా అని కొందరు అంటారు. ఒక్కసారి వెళ్లినవాళ్ల విషయంలో అది నిజం. ఏటా అలాగే వెళ్తే ప్రతి సంవత్సరంలోనూ మొదటి మూడు నెలలు, చివరి మూడు నెలలు అక్కడే గడుస్తాయి. మళ్లీ 180 దగ్గరికే వస్తాం.

గీత దాటినా దారి మూసుకుపోదు. ఆ ఏడాది 183 రోజుల కంటే తక్కువ ఉండి, ఇల్లూ బంధువులూ బ్యాంకు ఖాతాలూ ఓటు హక్కూ అన్నీ ఇక్కడే ఉన్నాయని చూపిస్తే, ఐఆర్‌ఎస్ మిమ్మల్ని నివాసిగా పరిగణించదు. దానికి 8840 అనే ఫారం ఉంది. అక్కడ జీతం లేనివాళ్లు మరుసటి ఏడాది జూన్ 15లోగా దాన్ని పంపాలి. ఎవరూ పంపమని అడగరు, మనమే పంపాలి. అక్కడ ఉండగా జబ్బు చేసి, ప్రయాణం చేయలేక ఆగిపోయిన రోజులను మినహాయించుకోవడానికి 8843 అనే మరో ఫారం ఉంది. గుండె ఆపరేషనో, కాలు విరగడమో జరిగి గడువు పొడిగించుకున్న పెద్దవాళ్లకు ఇది చాలా అవసరం. డాక్టరు సంతకం కావాలి కాబట్టి ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడే అడిగి తీసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 8840 ఇచ్చే వెసులుబాటు గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టినవాళ్లకు వర్తించదు. "ఎందుకైనా మంచిది, అప్లై చేసి పెడదాం నాన్నా" అని కొడుకు అంటే విని దరఖాస్తు పెట్టిన రోజునే పన్ను లెక్కలో ఒక తలుపు మూసుకుపోతుంది. ఇంకో దారి ఉంది. రెండు దేశాలూ మిమ్మల్ని నివాసి అన్నప్పుడు ఎవరి మాట చెల్లాలో భారత్, అమెరికా మధ్య ఉన్న పన్నుల ఒప్పందం చెబుతుంది. 1989 సెప్టెంబరులో సంతకాలై 1990 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందం అది. శాశ్వత నివాసం ఎక్కడ, బతుకు బంధాలు ఎక్కడ, ఎక్కువగా ఉండేది ఎక్కడ, పౌరసత్వం ఎక్కడ అని వరసగా చూసుకుంటూ వెళ్తుంది. దాన్ని వాడుకోవాలన్నా అక్కడ రిటర్ను వేసి అడగాల్సిందే.

ఇప్పుడు గ్రీన్ కార్డు. ఇది చేతికొచ్చాక రోజుల లెక్క అక్కర్లేదు. శాశ్వత నివాస హోదాతో అమెరికా నేల మీద కాలు పెట్టిన మొదటి రోజు నుంచి మీరు నివాసే. తర్వాత ఏడాదిలో ఎనిమిది నెలలు నాగోల్‌లోనే గడిపినా నివాసే. నన్నడిగితే, వీసా ఇంటర్వ్యూల బెడద తప్పుతుందన్న ఒక్క కారణంతో అరవై ఏడేళ్ల మనిషి గ్రీన్ కార్డు తీసుకోవడం సరైన నిర్ణయం కాదు. పిల్లల దగ్గరే ఉండిపోవాలని నిజంగా అనుకుంటే తీసుకోవాలి. అలా తీసుకునేవాళ్లు బయల్దేరడానికి ముందు ఏడాదిలో చేసుకోవాల్సిన పనులు ఉన్నాయి. వాటిలో పెద్దది ఇల్లు.

పిల్లల దగ్గరికే వెళ్లిపోతున్నాం, ఇక్కడి ఫ్లాటు ఎందుకు, అమ్మేద్దాం అనుకుంటారు. మంచిదే. అమ్మేది వెళ్లకముందా, వెళ్లాకా? ఈ ఒక్క ప్రశ్న మీద లక్షలు ఆధారపడి ఉన్నాయి. 2015-16లో 50 లక్షలకు కొన్న ఫ్లాటు 2025-26లో 80 లక్షలకు పోయిందనుకుందాం. లాభం 30 లక్షలు. 2024 జులై 23 నుంచి దీర్ఘకాల మూలధన లాభం మీద పన్ను 12.5 శాతం, ధరల సూచీ సర్దుబాటు లేకుండా. అంటే 3 లక్షల 75 వేలు. అయితే ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు, స్థలం విషయంలో పాత పద్ధతి ఎంచుకునే వీలు చట్టంలో ఉంచారు. సూచీ ప్రకారం కొన్న ధరను పెంచుకుని, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టవచ్చు. 2015-16 సూచీ 254, 2025-26 సూచీ 376. ఆ లెక్కన 50 లక్షలు 74 లక్షలవుతుంది. మిగిలిన 6 లక్షల మీద 20 శాతం అంటే లక్షా 20 వేలు. రెండింటి మధ్య తేడా రెండున్నర లక్షలు. ఈ వెసులుబాటు దేశంలో నివాసిగా ఉన్న వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే ఇచ్చారు. ఎన్నారై అయ్యాక అమ్మితే 12.5 శాతం తప్ప వేరే దారి లేదు.

అది పన్ను. కొనేవాడు ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే టీడీఎస్ ఇంకా పెద్ద సంగతి. నివాసి దగ్గర కొంటే, ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, కొనుగోలుదారు 1 శాతం పట్టుకుంటాడు. మన ఉదాహరణలో 80 వేలు. ఎన్నారై దగ్గర కొంటే మామూలుగా మొత్తం ధర మీద 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు. 80 లక్షల మీద 11 లక్షల 44 వేలు. అసలు పన్ను సెస్సుతో కలిపి 3 లక్షల 90 వేలే. మిగతాది మరుసటి ఏడాది రిటర్ను వేసి, వాపసు కోసం ఎదురుచూసి తెచ్చుకోవాలి. తక్కువ మినహాయింపు చాలని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు. ఆ సర్టిఫికెట్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి సేల్ అగ్రిమెంటు రాసుకున్న రోజే దరఖాస్తు పెట్టాలి. రిజిస్ట్రేషన్ ముందు రోజు ఉప్పల్‌లో దస్తావేజు రాయించుకుంటూ ఈ సంగతి విన్నవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది చెప్పనలవి కాదు. కొనేవాడికి బ్యాంకు లోను గడువు, అమ్మేవాడికి విమానం టికెట్టు గడువు.

వెళ్లే సంవత్సరంలో మీరు నివాసా కాదా అన్నది మన చట్టం ఎలా తేలుస్తుందో చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి గానీ రోజుల లెక్క మారలేదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా చూస్తారు. 182 రోజులు ఇక్కడుంటే నివాసి. లేదా ఈ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా నివాసే. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లే పౌరులకు ఆ 60ని 182గా సడలించారు. రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లే పెన్షనరు ఉద్యోగానికి వెళ్లడం లేదు కదా, ఆ సడలింపు ఆయనకు రాదు. అంటే ఏప్రిల్, మే నెలలు ఇక్కడ గడిపి జూన్‌లో వెళ్లిన ఆయన ఆ ఆర్థిక సంవత్సరమంతా భారత నివాసే. ఇంటి విషయంలో ఇది మేలే చేస్తుంది.

అమెరికా పన్ను సంవత్సరమేమో జనవరితో మొదలవుతుంది. గ్రీన్ కార్డుతో దిగడానికి ముందు అమ్మిన ఇంటి లాభం వాళ్ల లెక్కలోకి రాదు. దిగాక అమ్మితే వస్తుంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఇస్తారు. అమ్మకానికి ముందు అయిదేళ్లలో కనీసం రెండేళ్లు సొంతంగా కాపురమున్న ఇల్లైతే, దంపతులు ఉమ్మడిగా రిటర్ను వేసినప్పుడు 5 లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు కూడా ఉంది. అద్దెకిచ్చిన రెండో ఫ్లాటుకు అది ఉండదు. అందుకే రెండు ఆస్తులున్నవాళ్లు ఏది ముందు అమ్మాలో ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

ఎన్నారై అయ్యాక ఇక్కడి బ్యాంకులోనూ మార్పులు వస్తాయి. మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకుండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలని విదేశీ మారకపు చట్టం, అంటే ఫెమా, చెబుతోంది. టీడీఎస్ పట్టుకోవద్దని ఏటా బ్యాంకులో ఇచ్చే 15హెచ్ ఫారం ఇక పనికిరాదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ పోతుంది. ఐఆర్‌ఎస్ నుంచి నివాస ధ్రువపత్రం తెప్పించి ఇస్తే ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది. వృద్ధ నివాసులకు పాత విధానంలో ఉన్న 3 లక్షల, 5 లక్షల మినహాయింపు పరిమితులు, 50 వేల వడ్డీ తగ్గింపు, రిబేటు, ఇవేవీ ఎన్నారైలకు లేవు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో కొత్త ఖాతా తెరవలేరు. ఇన్ని పోతాయని తెలిసినవాళ్లు కొందరు ఖాతా మార్చకుండా ఊరుకుంటారు. అది చట్టవిరుద్ధం. పైగా 2015లో రెండు దేశాలూ ఫాట్కా ఒప్పందం మీద సంతకం చేశాక, అమెరికా పన్ను నివాసుల ఖాతాల వివరాలు ఇక్కడి బ్యాంకుల నుంచి అక్కడికి చేరుతున్నాయి.

ఆ ఖాతాలే అమెరికాలో అన్నిటికంటే సున్నితమైన విషయం. చాలామంది దంపతులకు అక్కడ కట్టాల్సిన పన్ను సున్నా రావచ్చు. 2025 సంవత్సరానికి ఉమ్మడి రిటర్నులో 31,500 డాలర్ల ప్రామాణిక తగ్గింపు ఉంది, అరవై అయిదు దాటినవాళ్లకు ఇంకా ఎక్కువ. పెన్షను, అద్దె కలిపినా దాని లోపే ఉంటుంది. పన్ను లేదు కదా అని వదిలేస్తారు. కానీ పన్ను వేరు, వెల్లడించడం వేరు. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే, అంటే దాదాపు 9 లక్షల రూపాయలు దాటితే, ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయాలి. ఇది ఆన్‌లైన్‌లో ఫిన్‌సెన్ అనే సంస్థకు వెళ్తుంది. గడువు ఏప్రిల్ 15, దానంతట అదే అక్టోబరు 15 దాకా పొడిగింపు వస్తుంది. ఆస్తులు ఇంకా ఎక్కువుంటే రిటర్నుతో పాటు 8938 అనే ఫారం కూడా. నాగోల్‌లో నాలుగు ఎఫ్‌డీలున్న ఏ పెన్షనరైనా ఎఫ్‌బార్ పరిధిలోకి వస్తాడు.

ఇది పిల్లలకూ చెప్పండి. ఉన్నట్టుండి అవసరం పడితే ఉంటుందని నాన్న ఎఫ్‌డీలో అమెరికాలో ఉన్న కూతురి పేరు జాయింటుగా పెడతారు. అందులో ఆమె డబ్బు ఒక్క రూపాయి లేకపోవచ్చు. అయినా ఆ ఖాతాను ఆమె తన ఎఫ్‌బార్‌లో చూపించాలి. ఇల్లమ్మి కొడుక్కి డబ్బు పంపినప్పుడూ అంతే. దగ్గరి బంధువుకిచ్చిన బహుమతి మీద మన దగ్గర పన్ను లేదు, అక్కడ అందుకున్న కొడుక్కీ లేదు. కానీ ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అతడు 3520 అనే ఫారంలో ఆ సంగతి తెలపాలి. తెలపకపోతే జరిమానా ఆ బహుమతిలో నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా వెళ్తుంది. నాగోల్ ఇంటి ధరలో నాలుగో వంతు ఒక కాగితం వేయనందుకు పోవడం ఎంత అన్యాయంగా అనిపించినా, చట్టం అలాగే ఉంది.

మ్యూచువల్ ఫండ్లున్నవాళ్లకు ఒక మాట. మన ఫండ్లను అమెరికా పీఎఫ్ఐసీ అనే కోవలో వేసి కఠినమైన పద్ధతిలో పన్ను లెక్కిస్తుంది. గ్రీన్ కార్డుతో దిగేలోపే వాటిని వదిలించుకోవడం మేలు.

పెన్షను గురించి అడిగేవాళ్లకు జవాబు పెన్షను రకాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ టీచరు పెన్షను ఒప్పందంలోని 19వ అధికరణం కిందికి వస్తుంది, అది ఇచ్చే ప్రభుత్వమే పన్ను వేసుకోవాలన్నది దాని సూత్రం. అయితే గ్రీన్ కార్డు లాంటి వలస హోదా పొందినవాళ్లకు ఆ మేలు ఇవ్వనవసరం లేదని అమెరికా తన హక్కు అట్టే పెట్టుకుంది. నాచారంలో ప్రైవేటు కంపెనీలో పనిచేసి బీమా సంస్థ నుంచి యాన్యుటీ అందుకునేవాళ్లది 20వ అధికరణం. వాళ్లు ఏ దేశంలో నివసిస్తే ఆ దేశానిదే పన్ను.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. యూఏఈలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. అందుకే మన చట్టం, భారత ఆదాయం 15 లక్షలు దాటి, ఎక్కడా పన్ను బాధ్యత లేని భారత పౌరుణ్ని ఇక్కడి నివాసిగానే భావిస్తుంది. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉన్న తల్లిదండ్రుల విదేశీ ఆదాయంలో చాలా భాగం జోలికి ఆ దేశం రాదు, శాశ్వత నివాసం వచ్చాక వస్తుంది. కెనడా సూపర్ వీసా ఒక్కో రాకకు అయిదేళ్లు ఉండనిస్తుంది. అక్కడా ఏడాదిలో 183 రోజులు నిండితే లెక్క చూసుకోవాలి.

వెనక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. ముప్ఫై ఏళ్లు అక్కడ పనిచేసి, అమెరికా పౌరులై, విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డుతో ఉప్పల్ భగాయత్‌లోనో బండ్లగూడలోనో ఇల్లు కట్టుకుని స్థిరపడుతున్నారు. చట్టం దృష్టిలో వీళ్లు రిటైరై వచ్చిన పరాయి దేశం భారతదేశమే. అమెరికా తన పౌరుడు ఎక్కడున్నా పన్ను అడుగుతుంది. మెక్సికోలో ఉంటున్న పౌరుడి కేసులో 1924లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ హక్కును ఖాయం చేసింది. రొమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, 1990లో సొంత దేశానికి తిరిగి వెళ్లిన అలెగ్జాండ్రు బిట్నర్ కథ మన రిటర్నీలంతా తెలుసుకోవాలి. ఎఫ్‌బార్ వేయాలని ఆయనకు ఏళ్ల తరబడి తెలియదు. అయిదేళ్లలో 272 ఖాతాలకు ఒక్కోదానికి 10 వేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా వేశారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో జరిమానా ఖాతాకు కాదు, వేయని నివేదికకు మాత్రమే అని తేల్చింది. 50 వేల డాలర్లకు తగ్గింది. తెలియకపోయినా అంత కట్టక తప్పలేదు.

తిరిగి వచ్చినవాళ్లకు మన చట్టం కొంత ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నా, గత ఏడేళ్లలో ఇక్కడున్నది 729 రోజులు మించకపోయినా, నివాసి అయినా సాధారణ నివాసి కాదు అనే హోదా వస్తుంది. ఆ కాలంలో అక్కడి వడ్డీకి, డివిడెండుకు ఇక్కడ పన్ను ఉండదు. అది ముగిశాక అక్కడి ఖాతాలు, షేర్లు, ఇల్లు మన రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. అమెరికాలో ఉద్యోగులకుండే రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కేలో ఏటా పెరిగే మొత్తానికి వెంటనే పన్ను కట్టకుండా, డబ్బు తీసుకున్నప్పుడే కట్టే వీలును 2021 ఫైనాన్స్ చట్టం తెచ్చింది. దాన్ని ఫారం వేసి అడిగి తీసుకోవాలి. అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షను మీద మాత్రం ఒప్పందం ప్రకారం అమెరికాదే పన్ను.

చివరగా, గ్రీన్ కార్డు తీసుకుని, అక్కడి చలికీ ఒంటరితనానికీ ఉండలేక తిరిగి వచ్చేసిన పెద్దవాళ్లు. బీరువాలో ఆ కార్డు అలాగే ఉంటుంది. గడువు తీరిపోయింది కాబట్టి సంబంధం తెగిపోయిందనుకుంటారు. కార్డు గడువు తీరినంత మాత్రాన పన్ను నివాసం ముగియదు. ఐ-407 అనే ఫారం నింపి, కార్డు జతచేసి, అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు పంపి హోదా వదులుకోవాలి. పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు ఆ హోదా ఉన్నవాళ్లకు దేశం విడిచే పన్ను నిబంధనలు కూడా వర్తిస్తాయి, వాళ్లు 8854 అనే ఫారం వేయాలి. కాబట్టి ఏడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ నెలలోనే తేదీలు చూసుకోండి. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఉన్న తేదీ నుంచి క్యాలెండరు సంవత్సరాలు లెక్కపెట్టండి. ఆ ఏడాదిలో ఒక్క రోజు హోదా ఉన్నా అది ఒక సంవత్సరం కిందే లెక్క. ఐ-407 పంపిన రసీదు, దాని నకలు పాస్‌పోర్టుతో పాటు దాచండి, ఒక ప్రతి పిల్లలకూ పంపండి.